మిషిగన్ సరస్సు ఒడ్డు ఊళ్లలో వేసవి క్యాబిన్ల చరిత్రను వెలికితీయడం ఎలా

మిషిగన్ సరస్సు తూర్పు ఒడ్డున ఇసుక దిబ్బల నడుమ వరుసగా నిలిచిన వేసవి క్యాబిన్లలో కొన్నింటి తలుపు పైన ఒక చెక్క ఫలకం ఉంటుంది. దాని మీద ఇంటి పేరూ, ఆ పేరు కింద 1908 అనో 1912 అనో ఒక సంవత్సరమూ చెక్కి ఉంటాయి. అలాంటి ఊరి క్యాబిన్ల చరిత్ర రాయాలనుకునేవారు ముందుగా ఆ సంవత్సరాన్ని నోటు పుస్తకంలో రాసుకుని, దాని పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టుకోవాలి. అది ఇల్లు కట్టిన సంవత్సరం కావచ్చు, స్థలం కొన్న సంవత్సరం కావచ్చు, ఇంటి పెద్ద ఆ ఊళ్లో మొదటిసారి గడిపిన వేసవి కావచ్చు. మూడూ చరిత్రకు పనికివచ్చేవే, అయితే మూడింటినీ ఒకటిగా రాస్తే ఆ తర్వాత కట్టే ప్రతి వాక్యమూ పక్కకు ఒరుగుతుంది.

కొన్ని వేసవులుగా ఇలాంటి ఒక ఊరి కాగితాలు తిరగేస్తూ వచ్చాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. ఊరి మొత్తం చరిత్రతో మొదలుపెట్టినవారు పెద్ద హోటళ్ల గురించీ, స్టీమర్ల గురించీ, లైట్‌హౌస్ గురించీ రాసి ఆగిపోతారు, ఎందుకంటే ఫొటోలూ పత్రికా కథనాలూ వాటి గురించే ఎక్కువగా మిగిలాయి. ఒకే ఒక్క క్యాబిన్‌ను పట్టుకుని, దాని స్థలమూ చెక్కా మేకులూ దస్తావేజులూ చూసుకుంటూ పోయినవారు మాత్రం ఊరి చరిత్రలోకి లోపలి దారిన వెళ్తారు. కాబట్టి మీకు లోపలికి వెళ్లి చూసే అనుమతి ఉన్న ఒక ఇంటిని ఎంచుకోండి. అది అందమైనది కానక్కరలేదు, మార్పులు తక్కువ జరిగినది అయితే చాలు.

ఏ మాట కింద వెతకాలి

పాత పత్రికల్లో వెతికేముందు మాటల సంగతి తేల్చుకోవాలి. మిషిగన్‌లో సరస్సు పక్కన ఉన్న వేసవి ఇంటిని, అది ఒంటి గది చెక్క ఇల్లయినా పన్నెండు గదుల భవంతి అయినా, కాటేజీ అనే అంటారు. అదే ఇంటిని మిన్నెసోటాలో క్యాబిన్ అనీ, మెయిన్ రాష్ట్రంలో క్యాంప్ అనీ అంటారు. మిషిగన్ పత్రికల్లో 1920ల తర్వాత క్యాబిన్ అనే మాట ఎక్కువగా రోడ్డు పక్కన కారు ఆపుకుని రాత్రికి అద్దెకు తీసుకునే చిన్న గదికి వాడారు. రెండు మాటల కిందా వెతకకపోతే సగం ఊరు మీ కంట పడదు. వేసవికి వచ్చిపోయేవారిని స్థానికులు రిసార్టర్లు అనేవారు, ఇప్పటికీ అంటారు. ఎవరు ఏ రైల్లో దిగారో, ఎవరి ఇంటికి కొత్త వరండా వేస్తున్నారో వారం వారం చెప్పే చిన్న వార్తలు పాత స్థానిక పత్రికల్లో ఆ మాట కిందే దొరుకుతాయి.

కౌంటీ కార్యాలయంలో కూర్చోవడం

పన్ను రికార్డులో నిర్మాణ సంవత్సరం అని ఒక గడి ఉంటుంది, ఇంటర్నెట్‌లో సులభంగా దొరుకుతుంది కాబట్టి అందరూ దాన్నే ఎత్తి రాస్తారు. పాత వేసవి ఇళ్ల విషయంలో అది చాలావరకు మదింపు అధికారి వేసిన అంచనా. పక్కపక్కనే ఉన్న ఆరు ఇళ్లకు ఒకే సంవత్సరం, అదీ సున్నాతో ముగిసేది కనిపిస్తే, అది ఎవరో వీధిలో నిలబడి వేసిన లెక్క అని గ్రహించాలి.

అసలు పని కౌంటీలో (మన జిల్లా లాంటి విభాగంలో) ఆస్తి దస్తావేజులు నమోదు చేసే రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ కార్యాలయంలో ఉంటుంది. అక్కడ వీధి చిరునామాతో పని జరగదు. టౌన్‌షిప్, రేంజ్ (టౌన్‌షిప్‌ల నిలువు వరుస), సెక్షన్ సంఖ్యలో, లేదా లేఅవుట్ పేరూ ప్లాటు సంఖ్యో కావాలి, అవి పన్ను బిల్లు మీద ఉంటాయి. 1785 భూమి ఆర్డినెన్సుతో మొదలైన సర్వే పద్ధతి ప్రకారం ఒక టౌన్‌షిప్ ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉంటుంది. దానిలో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్‌కు 640 ఎకరాలు. మీ క్యాబిన్ ఏ సెక్షన్‌లో ఉందో తెలిశాక, ఇప్పటి యజమాని పేరుతో మొదలుపెట్టి కొన్నవారి సూచికలో వెనక్కి, అమ్మినవారి సూచికలో ముందుకు చూసుకుంటూ లింకు దస్తావేజులన్నీ తీయాలి. దస్తావేజులు నకలు చేసిన పెద్ద పుస్తకాన్ని మిషిగన్‌లో లైబర్ అంటారు, కాబట్టి మీ నోటులో ప్రతి విషయం పక్కనా లైబర్ సంఖ్య, పుట సంఖ్య తప్పకుండా రాసుకోండి. ఈ ఒక్క అలవాటు లేక నేను మొదటి వేసవిలో చేసిన పని సగం రెండో వేసవిలో మళ్లీ చేయవలసి వచ్చింది.

దస్తావేజులో ధర చూసి ఇల్లు ఎప్పుడు వచ్చిందో పసిగట్టవచ్చు. ఖాళీ ప్లాటు కొన్ని పదుల డాలర్లకు అమ్ముడుపోయి, నాలుగేళ్ల తర్వాత అదే ప్లాటు వందల్లోకి వెళితే మధ్యలో ఏదో కట్టి ఉంటారు. అయితే చాలా దస్తావేజుల్లో అసలు ధర రాయకుండా, ఒక డాలరూ ఇతర ప్రతిఫలమూ అని మాత్రమే రాసేవారు. అలాంటప్పుడు కాగితం మీద అతికించిన ఫెడరల్ రెవెన్యూ స్టాంపులు ఉన్నాయేమో చూడండి. 1940 నుంచి 1967 వరకు ప్రతి 500 డాలర్లకు 55 సెంట్ల చొప్పున స్టాంపు వేసేవారు. కాబట్టి 3 డాలర్ల 30 సెంట్ల స్టాంపులు ఉంటే అమ్మకం ధర 3,000 డాలర్ల దగ్గరలో ఉందని లెక్క కట్టవచ్చు. కొన్నవారు పాత అప్పును తమ మీద వేసుకుని ఉంటే ఆ మొత్తం ఈ లెక్కలోకి రాదని మాత్రం గుర్తుంచుకోవాలి.

వెనక్కి పోతూ ఉంటే దస్తావేజుల వరుస చివరకు ప్రభుత్వం మొదటి యజమానికి ఇచ్చిన భూమి పట్టా దగ్గర ఆగుతుంది. ఆ పట్టాల ప్రతులు ఫెడరల్ భూ నిర్వహణ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. చాలామంది చరిత్ర రాసేవారు అక్కడ ఆగి, ఫలానా సెటిలర్ ఈ నేలకు మొదటి యజమాని అని రాస్తారు. అలా రాయకండి. గ్రాండ్ నదికి దక్షిణాన ఉన్న ఒడ్డులో చాలా భాగం 1821 షికాగో ఒప్పందంతోనూ, ఆ నదికి ఉత్తరాన ఉన్న ఒడ్డు 1836 వాషింగ్టన్ ఒప్పందంతోనూ అమెరికా ప్రభుత్వం చేతికి వచ్చాయి. అంతకు ముందు అది పొటవాటమీ, ఒడావా, ఒజిబ్వే ప్రజల నేల, వారి సంతతివారు ఇప్పటికీ ఆ రాష్ట్రంలోనే ఉన్నారు. ఉత్తర మిషిగన్‌లోని బర్ట్ సరస్సు కథ తెలిస్తే ఈ విషయాన్ని ఎవరూ ఒక వాక్యంతో దాటవేయలేరు. ఆ సరస్సు ఒడ్డున ఒక ఆదివాసీ గ్రామం తన సొంత భూమిలో ఉండగా, పన్ను బకాయి పేరుతో ఆ భూమిని మరొకరికి అమ్మేశారు. 1900 అక్టోబరు 15న షెరిఫ్ దగ్గరుండి ఇళ్లన్నీ తగలబెట్టించాడు. ఇప్పుడు అదే సరస్సు చుట్టూ వేసవి ఇళ్లు ఉన్నాయి. మీ ఊరి పట్టా వెనుక ఏ ఒప్పందం ఉందో, ఆ తర్వాత కూడా అక్కడ నిలిచినవారు ఎవరో కనుక్కుని రాయడం ఈ పనిలో మొదటి అధ్యాయం.

దస్తావేజు రెండో పుటను కూడా వదలకండి. 1910ల నుంచి 1940ల దాకా వేసిన చాలా లేఅవుట్లలో షరతుల జాబితా ఉంటుంది. ఇల్లు కనీసం ఇన్ని డాలర్ల విలువ చేయాలనీ, మద్యం అమ్మరాదనీ రాసిన చోటే, శ్వేతజాతీయులు కానివారికి అమ్మరాదు, అద్దెకు ఇవ్వరాదు అనే వాక్యం కూడా కనిపించవచ్చు. 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి షరతులను న్యాయస్థానాలు అమలు చేయరాదని తీర్పు ఇచ్చింది, 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ఈ వివక్షనే నిషేధించింది. అయినా పాత కాగితాల్లో ఆ అక్షరాలు చెరగలేదు. దొరికితే పూర్తి వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు నకలు చేసుకోండి. మెత్తగా మార్చి రాస్తే, ఆ బీచిలో ఎవరు ఎందుకు కనిపించరో తర్వాత చదివేవారికి అర్థం కాదు.

మీ క్యాబిన్ ఏ కాలపు కెరటంలో వచ్చింది

దస్తావేజుల నుంచి తేదీలు వచ్చాక, వాటిని ఆ ఒడ్డు చరిత్ర మీద పేర్చి చూడాలి. మొదటి కెరటం కలపది. 1871 అక్టోబరులో షికాగో తగలబడిపోయాక ఆ నగరాన్ని తిరిగి కట్టడానికి మిషిగన్ తెల్ల పైన్ అడవులు కరిగిపోయాయి. సాగటక్ పక్కనే ఉన్న సింగపూర్ అనే కలప ఊరు, చుట్టూ చెట్లు లేకుండా పోవడంతో కదిలిన ఇసుక దిబ్బల కింద కూరుకుపోయింది. చెట్లు పోయిన నేల, పంట పండని ఇసుక నేల చవకగా మిగిలాయి, వేసవి ప్లాట్లకు అదే నేల పనికివచ్చింది. మీ క్యాబిన్ దస్తావేజుల్లో కలప కంపెనీ పేరు కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

రెండో కెరటం భక్తులది. 1874లో న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వా సరస్సు ఒడ్డున మెథడిస్టు క్రైస్తవులు మొదలుపెట్టిన వేసవి పాఠశాల నమూనాగా నిలిచింది. 1875లో ఉత్తర మిషిగన్‌లోని పెటోస్కీ పక్కన బే వ్యూ అనే మెథడిస్టు వేసవి ఊరు ఏర్పడింది. రైలు అక్కడికి 1873లోనే చేరింది. మొదట గుడారాలు, తర్వాత గుడారం కింద చెక్క అరుగు, ఆ తర్వాత అరుగు మీద గోడలు, ఇలా కాటేజీ పుట్టింది. బే వ్యూలో ఇప్పుడు 400కు పైగా కాటేజీలు ఉన్నాయి, 1987లో అది జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందింది. అక్కడ నేల సంఘానిది, ఇల్లు మాత్రమే సభ్యుడిది. మీ ఊరు కూడా అలాంటి సంఘంగా మొదలై ఉంటే దస్తావేజులు కౌంటీలో ఉండకపోవచ్చు, సంఘం సమావేశాల మినిట్స్ పుస్తకాల్లోనూ లీజు జాబితాల్లోనూ వెతకాలి.

మూడోది పడవలది. షికాగో నుంచి స్టీమర్లు రాత్రికి బయలుదేరి తెల్లవారేసరికి ఈ ఒడ్డుకు చేర్చేవి. సౌత్ హేవెన్ చుట్టుపక్కల పీచు తోటల రైతులు వేసవిలో తమ ఇంట్లో గదులు అద్దెకిచ్చి, గిరాకీ పెరిగాక తోట చివర చిన్న ఇళ్లు కట్టారు. 1903లో తయారైన ఈస్ట్‌లాండ్ అనే స్టీమరు మొదట షికాగో, సౌత్ హేవెన్ల మధ్యే తిరిగేది. 1915 జులై 24న అదే పడవ షికాగో నదిలో, ఒడ్డుకు కట్టి ఉండగానే పక్కకు ఒరిగి 844 మంది చనిపోయారు. పడవల కాలపు ఇళ్లు రేవు నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే గుంపుగా ఉంటాయి. మీ ఊరి పటం మీద రేవు చుట్టూ ఒక మైలు వృత్తం గీసి చూడండి, 1915కు ముందు కట్టిన ఇళ్లు చాలావరకు ఆ వృత్తంలోనే పడతాయి.

కారుతో ఆ వృత్తం చెదిరిపోయింది. 1910లలో మొదలైన వెస్ట్ మిషిగన్ పైక్ అనే ఒడ్డు రోడ్డు 1926లో యుఎస్ 31గా సంఖ్య పొందిన రహదారిలో కలిసింది. దాని పక్కన పెట్రోలు బంకులూ, వాటి వెనుక ఆరేసి, ఎనిమిదేసి అద్దె క్యాబిన్లూ లేచాయి. 1938 కార్మిక చట్టం 1940 నాటికి వారానికి 40 గంటల పనిని ప్రమాణం చేయడంతో శనివారం కూడా చేతికొచ్చినవారు పెరిగారు, యుద్ధం తర్వాత ఫ్యాక్టరీ కార్మికులూ సొంత క్యాబిన్లు కట్టుకున్నారు. ఆ తర్వాత అంతర్రాష్ట్ర రహదారులు వచ్చి పాత రోడ్డును పక్కన పెట్టేశాయి, రాత్రి అద్దె క్యాబిన్లలో చాలావాటిని ఒక్కొక్కటిగా అమ్ముకున్నారు. ఒకే కొలతల్లో, ఒకే కప్పుతో పక్కపక్కన నిలిచి, వేర్వేరు యజమానుల పేర్ల మీద ఉన్న చిన్న ఇళ్లు కనిపిస్తే, అవి ఒకప్పటి టూరిస్ట్ కోర్టు, అంటే ప్రయాణికులకు రాత్రి అద్దెకిచ్చే క్యాబిన్ల వరుస, అని అనుమానించండి.

చెక్కనూ మేకులనూ చదవడం

కాగితం చెప్పింది నిజమో కాదో ఇల్లే చెబుతుంది. ఈ పనికి పాత బట్టలు, టార్చి, మాస్కు, కొలత టేపు, కెమెరా చాలు. వేసవి క్యాబిన్లకు చాలావాటికి పునాది గోడ ఉండదు, దేవదారు దిమ్మెల మీదనో కాంక్రీటు దిమ్మెల మీదనో నిలబడి ఉంటాయి, కాబట్టి కిందకు దూరి చూడటం కష్టం కాదు. ముందు కరెంటు మెయిన్ ఆపించండి. పింగాణీ బుడిపెల మీద తీగలు పరిచిన పాత వైరింగు, అంటే 1930ల దాకా వాడుకలో ఉన్నది, ఇప్పటికీ కరెంటు మోస్తూ ఉండవచ్చు. గోడలకో పైపులకో బూడిదరంగు సిమెంటు రేకులో చుట్టలో కనిపిస్తే వాటిని గీకకండి, విరవకండి, ఆస్బెస్టాస్ ఉండవచ్చు.

నేను దూరి చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. తలుపు మీద 1908 అని ఉంది. నేల కింద వెల్లకిలా పడుకుని టార్చి వేస్తే, ప్రతి దూలం చివరా సిరాతో ముద్రించిన ఒక అక్షరమూ దాని పక్కన అంకెలూ కనిపించాయి. వర్షం తగలని చోట ఆ ముద్ర నిన్న వేసినంత నల్లగా ఉంది. అవి కిట్ ఇళ్ల గుర్తులు. ఫ్యాక్టరీలో కొలిచి కోసిన చెక్కలను రైలు పెట్టెలో పంపితే, కొన్నవారు ఆ అంకెల ప్రకారం జోడించుకునేవారు. సియర్స్ సంస్థ 1908 నుంచి 1940 వరకు ఇలా ఇళ్లు అమ్మింది. మిషిగన్‌లోని బే సిటీలో 1906లో మొదలైన అలాడిన్ కంపెనీ వేసవి కాటేజీలను ప్రత్యేకంగా అమ్మేది. అలాడిన్ కాగితాలు మౌంట్ ప్లెజెంట్‌లోని సెంట్రల్ మిషిగన్ విశ్వవిద్యాలయపు క్లార్క్ చారిత్రక గ్రంథాలయంలో ఉన్నాయి, కాబట్టి ముద్ర చూసి అనుమానం వస్తే అక్కడ అడగవచ్చు. ఆ ఇంటి విషయంలో 1908 ప్లాటు కొన్న సంవత్సరమని దస్తావేజు తేల్చింది, ఇల్లు తర్వాతిదని ఆ ముద్రలు తేల్చాయి. ఇంటివారు మొదట చిన్నబుచ్చుకున్నారు. మధ్యలోని వేసవులు ఆ కుటుంబం గుడారంలో గడిపిందని తెలిసి, ఆ గుడారం ఫొటో పెట్టె అడుగున దొరికాక, ఫలకం కింద రెండో సంవత్సరం కూడా వారే చెక్కించారు.

కిట్ ముద్రలు లేని చోట మేకులను చూడాలి. నాలుగు పలకల కోత మేకులు ఎక్కువగా ఉంటే ఇల్లు 1890లకు ముందుది కావచ్చు, ఆ దశాబ్దంలో గుండ్రటి తీగ మేకులు వాటిని పక్కకు నెట్టేశాయి. నక్షత్రం గాటు ఉన్న ఫిలిప్స్ స్క్రూలు 1930ల నడుమ వచ్చాయి. చెక్క పీచును అదిమి చేసే మేసొనైట్ పలకలు 1920ల తర్వాతివి. ముడులు కనిపించే పైన్ చెక్క గోడలను చూసి చాలామంది పాత కాలపువి అనుకుంటారు, నిజానికి అవి ఎక్కువగా 1940లు, 1950ల ముచ్చట. ఒక్క హెచ్చరిక: వేసవి ఇళ్లను మిగిలిన సామానుతో కట్టేవారు. నగరంలో కూల్చిన ఇంటి కిటికీలూ తలుపులూ ఇక్కడికి వచ్చి చేరాయి, పాత ట్రామ్ పెట్టెను తెచ్చి దాని చుట్టూ వరండా వేసుకున్నవారూ ఉన్నారు. అందుకే ఇంట్లోని అతి పాత వస్తువు ఇంటి వయసు చెప్పదు. మార్చడానికి కష్టమైన చోట, అంటే నేల దూలాల్లోనూ కప్పు వాసాల్లోనూ కనిపించే అతి కొత్త వస్తువు నమ్మదగినది.

పటాలు, పోస్టు కార్డులు, సరస్సు మట్టం

శాన్‌బోర్న్ అగ్ని బీమా పటాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో చూడవచ్చు. వాటిలో పసుపు రంగు చెక్క కట్టడానికీ, గులాబీ రంగు ఇటుకకూ, నీలం రాతికీ గుర్తు. చిన్న ఊళ్లలో అవి వ్యాపార వీధులకే పరిమితం, ఇసుక దిబ్బల వరకు రావు. ఆ లోటును తీర్చేది 1930ల చివర ప్రభుత్వ ఉపాధి పథకం కింద జరిగిన గ్రామీణ ఆస్తుల సర్వే. దాని కార్డులు లాన్సింగ్‌లోని మిషిగన్ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కట్టడం కొలతలూ, స్థితీ, చేత్తో గీసిన చిన్న పటమూ ఒకే కార్డు మీద దొరకడం మామూలు విషయం కాదు, కాబట్టి మీ టౌన్‌షిప్ కార్డులు ఉన్నాయేమో ముందుగా అడగండి. జనాభా లెక్కల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అవి మనిషిని అతను మామూలుగా నివసించే చోట లెక్కిస్తాయి, కాబట్టి రిసార్టర్లు మీ ఊరి లెక్కలో ఉండరు. వారి శాశ్వత చిరునామా దస్తావేజులో దొరికితే, ఆ నగరపు లెక్కల్లో వారి వృత్తిని చూడవచ్చు. 1950 వరకు జరిగిన లెక్కల కాగితాలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి.

పోస్టు కార్డులకు తేదీ వేయడం నేర్చుకోదగిన విద్య. చిరునామా వైపు మధ్యలో గీత ఉంటే కార్డు 1907 మార్చి తర్వాతిది. ఫొటో కాగితం కార్డుల్లో కొన్నింటి మీద స్టాంపు అంటించే గడి అంచున అజో (AZO) అనే కాగితం బ్రాండు పేరూ, మూలల్లో నాలుగు త్రిభుజాలూ ఉంటాయి. నాలుగూ పైకి చూస్తుంటే 1904 నుంచి 1918 మధ్యది, రెండు పైకీ రెండు కిందికీ చూస్తుంటే 1918 నుంచి 1930 మధ్యది. నేత గుడ్డలా గరుకుగా, గాఢమైన రంగులతో ఉండే కార్డుల్లో చాలావాటిని షికాగోలోని కర్ట్ టైక్ కంపెనీ ముద్రించింది. వాటి మీద 4ఏ అని ఉంటే 1934, 6బి అని ఉంటే 1946 అని చదవాలి. ఆ కంపెనీ నిల్వలు ఇప్పుడు షికాగో న్యూబెర్రీ గ్రంథాలయంలో ఉన్నాయి. తపాలా ముద్ర కార్డును పంపిన రోజును చెబుతుంది, ఫొటో తీసిన రోజును కాదు. దుకాణంలో పదేళ్లు పడి ఉన్న కార్డును కూడా ఎవరో ఒకరు కొని పంపేవారు.

ఫొటోలో బీచి ఎంత వెడల్పుగా ఉందో చూసి కాలం చెప్పాలనిపిస్తుంది. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. మిషిగన్, హ్యూరాన్ సరస్సుల మట్టం దశాబ్దాల పాటు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, 1918 నుంచి ఉన్న నమోదుల్లో గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా ఆరు అడుగులకు పైనే. 1964లో నీరు బాగా వెనక్కి పోయింది, 1986లో పొంగి ఒడ్డును కోసేసింది, 2013 జనవరిలో అన్నిటికన్నా తక్కువకు పడిపోయింది, 2020లో మళ్లీ గట్ల మీది ఇళ్లను బెదిరించింది. కాబట్టి 1964 ఫొటోలో మైదానంలా కనిపించిన ఇసుక 1986 ఫొటోలో అసలు ఉండకపోవచ్చు, దాన్ని చూసి బీచి శాశ్వతంగా పోయిందని రాయకూడదు. మట్టం పెరిగిన ఏళ్లలో గట్టు అంచున ఉన్న క్యాబిన్లను రోలర్ల మీద వెనక్కి జరిపేవారు. అందువల్ల పాత ఫొటోలో ఇల్లు ఉన్న చోటూ ఇప్పుడు ఉన్న చోటూ ఒకటే అని కూడా ముందే నిర్ణయించుకోకండి, పక్కనున్న పొగగొట్టమో పెద్ద చెట్టో ఆధారంగా సరిచూసుకోండి.

ఎవరిని అడగాలి, ఏమి అడగాలి

కాగితాలు కొంత తెలిశాకే మనుషుల దగ్గరకు వెళ్లండి, ప్రశ్నలు సూటిగా వస్తాయి. పాతరోజులు ఎలా ఉండేవి అని అడిగితే అందరూ సూర్యాస్తమయాల గురించి చెబుతారు. మంచు పెట్టెలోకి ఐసు ఎవరు తెచ్చేవారు, నీళ్ల పంపు ఎప్పుడు వేశారు, కరెంటు రాకముందు దీపం ఎక్కడ వేలాడేది, సీజను ముగిశాక కిటికీ రెక్కలు ఎవరు బిగించేవారు అని అడిగితే చరిత్ర బయటికి వస్తుంది. సాధ్యమైతే ఆ గదిలోనే కూర్చుని అడగండి, గోడ మీది మేకును చూడగానే జ్ఞాపకం కదులుతుంది. అతిథుల సంతకాల పుస్తకం ఉంటే ప్రతి పుటనూ ఫొటో తీసుకోండి.

ఇళ్ల యజమానులను మాత్రమే అడిగితే సగం ఊరే దొరుకుతుంది. ఆ ఇళ్లను కట్టిన వడ్రంగుల పిల్లలు, పక్కబట్టలు ఉతికినవారు, తోటల్లో పళ్లు కోసినవారు, చలికాలమంతా ఇళ్లకు కాపలా ఉన్నవారు ఆ ఊళ్లోనే ఏడాది పొడవునా బతికారు. రానివ్వని వారి కథ వేరే ఊళ్లో ఉంటుంది, అక్కడికీ వెళ్లాలి. పాత ప్రకటనల్లో రిస్ట్రిక్టెడ్ క్లయింటెల్ అన్న మాట కనిపిస్తే అది యూదులకు ప్రవేశం లేదని చెప్పే మర్యాద భాష. అందుకే సౌత్ హేవెన్‌లో యూదుల రిసార్టులు వరుసగా వెలిశాయి. నల్లజాతి కుటుంబాలు లేక్ కౌంటీలోని ఐడిల్‌వైల్డ్‌కు వెళ్లాయి. 1912లో మొదలైన ఆ లేఅవుట్‌లో 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవున్న ప్లాటు 35 డాలర్లు, ఆరు డాలర్లు ముందు చెల్లించి నెలకొక డాలరు కట్టుకోవచ్చు. గుండె శస్త్రచికిత్సలో మార్గదర్శి అయిన డాక్టర్ డేనియల్ హేల్ విలియమ్స్ అక్కడ స్థలం కొని, 1931లో అక్కడే కన్నుమూశారు. తొలి ఒంటి గది క్యాబిన్లను డాగ్‌హౌస్‌లు అనేవారు. 1964 పౌరహక్కుల చట్టం తర్వాత ఎక్కడికైనా వెళ్లే వీలు కలగడంతో ఐడిల్‌వైల్డ్‌కు వచ్చేవారు తగ్గిపోయారు. మీ ఊరి ప్రకటననూ ఐడిల్‌వైల్డ్ ప్రకటననూ పక్కపక్కన అచ్చు వేస్తే, రెండు ఊళ్లూ ఒకే చరిత్రలో భాగమని పాఠకుడికి వేరే వివరణ లేకుండానే తెలుస్తుంది.

రాయడం, దాచడం

రాసేటప్పుడు ప్రతి క్యాబిన్‌కూ ఒక పుట కేటాయించి, పైన ప్లాటు సంఖ్య, దాని కింద యజమానుల వరుస, ఆ తర్వాత ఇల్లు చెప్పిన సంగతులు, చివరన జ్ఞాపకాలు పెట్టండి. కాగితం చెప్పిందీ, చెక్క చెప్పిందీ, మనిషి చెప్పిందీ కలగలిపేయకండి, మూడూ ఒకే మాట చెప్పిన చోట మాత్రమే నిశ్చయంగా రాయండి. ఇరవై పుటలు పూర్తయ్యేసరికి ఊరి చరిత్ర తనంతట తానే కాలక్రమంలో నిలబడుతుంది. ఇప్పటి యజమానుల పేర్లు అచ్చు వేయడానికి ముందు వారి అనుమతి తీసుకోండి, ఖాళీగా ఉండే నెలలనూ తాళం చెవి దాచే చోటునూ ఎవరు చెప్పినా రాయకండి.

ఒక ప్రతి ఊరి గ్రంథాలయానికీ, ఒకటి కౌంటీ చారిత్రక సంఘానికీ, ఒకటి ఆ క్యాబిన్‌లోనే ఉంచడానికీ ఇవ్వండి. సేకరించిన ఫొటోల వెనుక మెత్తటి పెన్సిలుతో, అంచు దగ్గర, పెద్దగా నొక్కకుండా, ప్లాటు సంఖ్యా, తెలిసినవారి పేర్లూ, తేదీ చెప్పినవారు ఎవరో రాయండి. బాల్‌పెన్ను అయితే గాటు ముందువైపుకు తేలుతుంది, జిగురు కాగితం అయితే పదేళ్లలో పసుపు మరక మిగులుతుంది. తేదీ ఊహించినదైతే దాని పక్కన ప్రశ్నార్థకం ఉంచండి.